మీకు తెలుసా? నకలు వెనక పేరూ, కూడూ

శుక్రవారం కొత్త సినిమా విడుదలైతే, ఆ సాయంత్రానికే గద్వాలలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఏ టీ హోటల్లో కూర్చున్నా ఒక మాట చెవిన పడుతుంది: "అన్నా, లింకు ఉంటే జర పంపు." అడిగినవాడు దొంగ కాదు, పంపినవాడూ కాదు. ఇద్దరూ కష్టం చేసుకొని బతికేవాళ్లే. పక్క చేనులో ఒక్క పల్లికాయ చెట్టు పీకాలన్నా చేయి రాని మనుషులు. అదే పక్కవాడి పాట, పుస్తకం, సినిమా దగ్గరికి వచ్చేసరికి వెనకాడరు. చేనుకు గట్టు కనపడుతుంది, పాటకు కనపడదు. తేడా అంతే.

ఆ కనపడని గట్టు పేరే కాపీరైట్. నకలు తీయడమే తప్పని చట్టం ఎక్కడా చెప్పలేదు. చేసినవాడి పేరు చెరిపి, వాడి నోటికాడి కూడు లాక్కునే నకలే తప్పు. నడిగడ్డ నుంచి నల్లమల దాకా మన నేల మీదే ఈ గట్టు కథలు ఎన్నో ఉన్నాయి. చదవండి.

1. సంస్థానంలో వార్షికం, లండన్‌లో చట్టం

గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలకు దూరదూరాల నుంచి కవులు వచ్చేవారు. సభలో పద్యాలు వినిపించి, సన్మానం పొంది, వార్షికం తీసుకొని వెళ్లేవారు. కవికి అదే బతుకుతెరువు. ఆ తర్వాత ఆ పద్యాన్ని ఎవరు రాసుకున్నా, ఎవరు చదువుకున్నా అడిగేవారు లేరు. తాటాకుల కాలంలో నకలు తీయడమంటే పుస్తకాన్ని చెదలు తినకుండా బతికించుకోవడం.

అచ్చుయంత్రం వచ్చాక లెక్క మారింది. ఏళ్లు పట్టే పని రోజుల్లో అయిపోతుంటే, ఆ ప్రతుల మీద వచ్చే డబ్బు ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. దానికి రచయిత వైపు నుంచి జవాబు చెప్పిన మొదటి చట్టం 1710లో బ్రిటన్‌లో వచ్చింది. రాణి ఆన్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. కొత్త పుస్తకానికి 14 ఏళ్ల హక్కు. అప్పటికీ రచయిత బతికి ఉంటే ఇంకో 14 ఏళ్లు. అంతకు ముందు దాకా ఆ పెత్తనమంతా లండన్ పుస్తక వ్యాపారుల సంఘం చేతిలో ఉండేది.

2. మన చట్టం వయసెంత?

మన దేశంలో మొదటి కాపీరైట్ చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలో, 1847లో వచ్చింది. తర్వాత 1914లో బ్రిటిష్ చట్టాన్ని అనుసరించి ఇంకొకటి చేశారు. స్వతంత్ర భారతం సొంతంగా చేసుకున్నది 1957 చట్టం. అది 1958 జనవరి 21న అమల్లోకి వచ్చింది. ఎన్నో సవరణలతో ఇప్పటికీ నడుస్తున్నది అదే.

మొదట్లో రచయిత మరణించాక 50 ఏళ్ల దాకా హక్కు ఉండేది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941లో కన్నుమూశారు కనుక ఆయన రచనల గడువు 1991 ఆఖరుతో తీరిపోవాలి. ఆయన స్థాపించిన విశ్వభారతికి ఆ రచనలే పెద్ద ఆస్తి. ఆ సమయంలో కేంద్రం కదిలి గడువును 60 ఏళ్లకు పెంచింది. ఠాగూర్ కోసం తెరిచిన ఆ తలుపులోంచి దేశంలోని రచయితలందరి వారసులకూ ఇంకో పదేళ్లు దక్కాయి.

3. ఇద్దరు కవులు, ఒకే గడువు

మన ఊళ్లలో పౌరాణిక నాటకం అంటే పాండవోద్యోగ విజయాల పద్యాలు ఉండాల్సిందే. హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నాయన శ్రుతి ఇస్తే, బడి ముఖం చూడనివాళ్లు కూడా ఆ పద్యాలను రాగం తీసి పాడతారు. అవి రాసిన తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాల్లో అవధానాలు చేసి సన్మానాలు అందుకున్నవారే.

వాళ్లలో దివాకర్ల తిరుపతిశాస్త్రి ముందే కన్నుమూశారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950 దాకా ఉన్నారు. తోడు పోయాక ఒక్కడే రాసినా చెళ్లపిళ్లవారు ఇద్దరి పేర్లూ వేసేవారు. మరి కాపీరైట్ ఎవరి మరణం నుంచి లెక్కపెట్టాలి? ఇద్దరు కలిసి రాసినప్పుడు ఆఖరున పోయినవారి సంవత్సరమే లెక్క. ఆ ఏడాది ముగిశాక 60 ఏళ్లు. అంటే 2010 డిసెంబరు 31తో గడువు తీరింది. 2011 నుంచి ఆ జంట పద్యాలు ఎవరైనా అచ్చు వేయవచ్చు, పాడి రికార్డు చేయవచ్చు. వాళ్ల పేర్లు మాత్రం వేయడం మరవకూడదు.

4. సురవరం వారి పుస్తకాలు ఇప్పుడు అందరివీ

సురవరం ప్రతాపరెడ్డి మన నడిగడ్డ బిడ్డ. ఇటికాలపాడు ఆయన సొంతూరు. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. 1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. 1953 ఆగస్టులో కన్నుమూశారు. 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగులో ఆ గౌరవం దక్కిన మొదటి పుస్తకం అదే.

ఆయన పోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు లెక్కపెడితే 2013 డిసెంబరు 31. కాబట్టి 2014 జనవరి 1 నుంచి సురవరం రచనలు ప్రజల సొత్తు. గద్వాల కుర్రాడు ఎవరైనా ఆ చరిత్రను టైపు చేసి నెట్‌లో పెట్టవచ్చు, చదివి ఆడియో చేయవచ్చు, చిన్న పిల్లల కోసం బొమ్మలతో మళ్లీ చెప్పవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. కాపీరైట్‌కు గడువు పెట్టడంలో ఉద్దేశమే ఇది. కొంతకాలం రచయిత కుటుంబం తినాలి, ఆ తర్వాత ఊరంతా తినాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1934లో ఆయన తెచ్చిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులున్నారు. నైజాంలో తెలుగు కవులు పూజ్యమన్న మాటకు అది జవాబు. అలాంటి సంకలనంలో కూర్పు మీద హక్కు సంపాదకుడిది, ప్రతి పద్యం మీద హక్కు ఆ పద్యం రాసిన కవిది. సురవరం గడువు తీరినా, ఆయన తర్వాత చాలా కాలం బతికిన కవుల పద్యాలకు ఇంకా గడువు ఉండవచ్చు. ఒక్క పుస్తకంలో వందల గట్లు!

5. రాజు ప్రచురణకర్త అయ్యాడు

వనపర్తి రాజమహల్ ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ. ఆ సంస్థానం వారసుడు జె. రామేశ్వర్‌రావు విదేశాల్లో దౌత్యవేత్తగా పనిచేశారు, మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు వెళ్లారు. అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచిన పని ఇంకొకటి. పాఠ్యపుస్తకాలకు పేరుపడ్డ ఓరియంట్ లాంగ్‌మన్‌కు ఆయన చైర్మన్. 2008లో అది ఓరియంట్ బ్లాక్‌స్వాన్‌గా పేరు మార్చుకుంది. ప్రధాన కార్యాలయం హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోనే ఉంది.

ఆ సంస్థ 1959లో అచ్చువేసిన పుస్తకం మౌలానా ఆజాద్ 'ఇండియా విన్స్ ఫ్రీడమ్'. అందులో దాదాపు 30 పేజీలు అప్పుడు వేయలేదు. తాను పోయిన 30 ఏళ్లకు గానీ అవి బయటకు రాకూడదని ఆజాద్ కోరిక. ముద్ర వేసిన ప్రతులను కోల్‌కతా జాతీయ గ్రంథాలయంలో, ఢిల్లీ జాతీయ అభిలేఖాగారంలో దాచారు. 1988లో ఆ ముద్ర విప్పాక పూర్తి పుస్తకం వచ్చింది. రాసినదాన్ని ఎప్పుడు లోకానికి చూపాలో తేల్చుకునే హక్కు రాసినవాడిదే. విడుదలకు ముందే సినిమాను బయటపెట్టేవాడు మొట్టమొదట లాక్కునేది ఆ హక్కునే.

6. జిరాక్స్ తీస్తే తప్పా?

వనపర్తి కాలేజీల పట్టణం. పరీక్షల ముందు జిరాక్స్ షాపుల దగ్గర నిలబడటానికి చోటుండదు. పుస్తకంలో ఒక అధ్యాయం జిరాక్స్ తీయించుకుంటే నేరమా?

సరిగ్గా ఈ ప్రశ్నే ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గర ఒక చిన్న జిరాక్స్ షాపు మీద కేసుగా మారింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు కోర్టుకెక్కాయి. అధ్యాపకులు చెప్పిన అధ్యాయాలను ఒకచోట కట్టి విద్యార్థులకు అమ్మడం తప్పని వాదించాయి. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు విద్యార్థుల పక్షాన నిలబడింది. బోధన కోసం తీసే ప్రతులకు చట్టంలోనే మినహాయింపు ఉందని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం కూడా ఆ మినహాయింపు ఉందని ఒప్పుకొని, ఆ కట్టల్లోని పాఠాలు చదువుకు అవసరమైనవేనా అన్నది విచారించమంది. 2017లో సంస్థలు కేసు వెనక్కి తీసుకున్నాయి.

అయితే దీన్ని పట్టుకొని కొత్త గైడు మొత్తం నకలు తీసి, స్పైరల్ వేసి సగం ధరకు అమ్మితే కుదరదు. అది చదువు కాదు, వ్యాపారం.

7. పాట రాసినవాడికి సమాన వాటా

గోరటి వెంకన్నది నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం. పల్లె పాటను సినిమా దాకా, శాసనమండలి దాకా తీసుకెళ్లిన కవి. 'వల్లంకి తాళం' కవిత్వానికి 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు.

సినిమాకు పాట రాసేవాళ్ల గతి ఒకప్పుడు ఎలా ఉండేదంటే, కాగితం మీద సంతకం పెట్టి డబ్బు తీసుకోగానే ఆ పాటతో రుణం తీరిపోయేది. అది ఏళ్ల తరబడి రేడియోలో, ఫోన్ల రింగ్‌టోన్లలో మోగినా రాసినవాడికి పైసా రాకపోవచ్చు. 2012 సవరణ ఈ అన్యాయాన్ని సరిచేసింది. సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం వరకు వేరు. మిగతా ఎక్కడ వాడినా వచ్చే రాయల్టీలో గేయ రచయితకు, స్వరకర్తకు హక్కు కొన్నవారితో సమాన వాటా రావాలి. ఆ వాటాను వదులుకుంటున్నానని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. పేదవాడి అవసరాన్ని చూసి సంతకం పెట్టించుకునే దారి చట్టమే మూసేసింది.

8. కిన్నెర మెట్లకూ చట్టం ఉంది

లింగాల మండలం అవుసలికుంట నుంచి వచ్చిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తూ జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెబుతారు. 'భీమ్లా నాయక్' సినిమా పాటలో ఆయన గొంతు విన్న తర్వాతే చాలామందికి ఆ వాద్యం ఒకటుందని తెలిసింది. 2022లో పద్మశ్రీ వచ్చింది.

తరతరాల జానపద గాథను ఎవరు కట్టారో తెలియదు. అందుకే కథ మీద ఒక మనిషికి కాపీరైట్ ఉండదు. మరి పాడినవాడికి? ఉంది. 1994 సవరణతో ప్రదర్శకుల హక్కు చట్టంలోకి వచ్చింది. ఇప్పుడు దాని గడువు 50 ఏళ్లు. అనుమతి లేకుండా ప్రదర్శనను రికార్డు చేసి అమ్ముకోవడానికి వీల్లేదు. ప్రదర్శకుడంటే ఎవరో చట్టం చెప్పిన జాబితా చదివితే మనసు నిండుతుంది. నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు మాత్రమే కాదు. దొమ్మరి ఆటగాడు, గారడీవాడు, పాములాడించేవాడు, ఉపన్యాసం చెప్పేవాడు కూడా అందులో ఉన్నారు.

జాతరలో పాట బాగుందని మనం ఫోన్ ఎత్తి రికార్డు చేస్తాం, యూట్యూబ్‌లో పెడతాం. పెట్టేముందు ఆ కళాకారుణ్ని ఒక్క మాట అడగాలి. కింద ఆయన పేరు, ఊరు రాయాలి. డబ్బు వస్తే పంచాలి.

9. పెళ్లి బరాత్‌కు మినహాయింపు, పెళ్లి ఫొటో మీది

బరాత్‌లో సినిమా పాటలు పెడితే కాపీరైట్ కట్టాలా? అక్కర్లేదు. నిజమైన మతపరమైన వేడుకల్లో పాట వినిపించడం ఉల్లంఘన కాదని చట్టం చెప్పింది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర సంబరాలు కూడా అందులోకే వస్తాయని వివరణ ఇచ్చింది. టికెట్ పెట్టి చేసే డీజే రాత్రులకు మాత్రం ఇది వర్తించదు.

ఇంకొక సంగతి. డబ్బిచ్చి తీయించుకున్న పెళ్లి ఫొటోల కాపీరైట్, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారిదే. స్టూడియోవారిది కాదు. మీ బిడ్డ పెళ్లి ఫొటో మీకు చెప్పకుండా ఫ్లెక్సీ మీదికి ఎక్కితే మీరు అడగవచ్చు. అడిగే హక్కు మీకుంది.

10. గుండమ్మ కథలో ఎన్ని పొరలు?

1962లో వచ్చిన 'గుండమ్మ కథ'ను మన ఇళ్లలో ఎన్నిసార్లు చూసి ఉంటారో లెక్కలేదు. సినిమాకు హక్కు గడువు విడుదలైన ఏడాది ముగిశాక 60 ఏళ్లు. దాని ప్రకారం 2022 డిసెంబరు 31తో ఆ సినిమా గడువు తీరింది.

అంతమాత్రాన అందులోని ప్రతిదీ స్వేచ్ఛ అయిపోలేదు. సినిమా వేరు, అందులోని పాట వేరు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కనుక ఆయన సాహిత్యానికి 2031 ఆఖరు దాకా గడువుంది. సినిమా అనేది ఉల్లిగడ్డలాంటిది. కథకు, మాటకు, పాటకు, బాణీకి, రికార్డింగుకు ఒక్కోదానికి ఒక్కో హక్కు. పాతదే కదా అని మొత్తం ఎత్తుకొని చానల్లో పెట్టుకునేముందు ఈ పొరలు లెక్కపెట్టుకోవాలి.

11. తెర మీద కనపడని సంతకం

హాల్లో కూర్చొని ఫోన్‌తో తెరను రికార్డు చేసేవాడు తనను ఎవరూ చూడలేదనుకుంటాడు. తెర చూసింది. డిజిటల్ సినిమాకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం, ప్రొజెక్షన్ జరుగుతుండగానే బొమ్మలోకి ఒక రహస్య గుర్తు చేరుతుంది. ఏ తెర, ఏ తేదీ, ఏ సమయం అన్నది అందులో ఉంటుంది. మన కంటికి అది కనపడదు. దొంగ ప్రతి దొరికితే నిపుణులు ఆ గుర్తును చదవగలరు. అక్కడి నుంచి ఊరు, హాలు, ఆట తెలిసిపోతాయి.

సినిమా ఫైలుకు తాళం కూడా ఉంటుంది. దాని తాళంచెవి ఆ ఒక్క హాలు సర్వర్‌కే, ఆ కొన్ని రోజులకే పనిచేస్తుంది. డిస్కు ఎత్తుకెళ్లినా తాళంచెవి లేనిది బొమ్మ రాదు. అందుకే దొంగతనం ఎక్కువగా తాళం తీసిన తర్వాతే, అంటే హాల్లో తెర ముందో, ఎడిటింగ్ గదుల్లోనో, ఓటీటీలోకి వచ్చాకో జరుగుతుంది.

12. విడుదలకు ముందే బయటపడ్డ సినిమా

2013 సెప్టెంబరులో తెలుగు పరిశ్రమ మొత్తం ఉలిక్కిపడింది. ఇంకా విడుదల కాని 'అత్తారింటికి దారేది' సగానికి పైగా, దాదాపు గంటన్నర నిడివి నెట్‌లోకి వచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు చేతులు మారాయి. పోలీసులు అరెస్టులు చేశారు. అక్టోబరులో రావాల్సిన సినిమాను నిర్మాతలు హడావిడిగా సెప్టెంబరు 27నే విడుదల చేశారు. జనం హాళ్లకే వెళ్లి దాన్ని గెలిపించారు. తెలుగు ప్రేక్షకుడి మీద నాకున్న నమ్మకానికి ఆ ఒక్క ఉదంతం చాలు.

2016లో తెలంగాణ ప్రభుత్వం లండన్ పోలీసుల నమూనాలో మేధో సంపత్తి నేరాల కోసమే ప్రత్యేక విభాగం ప్రారంభించింది. తెలుగు ఫిల్మ్ చాంబర్‌కు కూడా పైరసీని కనిపెట్టే సొంత విభాగం ఉంది. 2025 నవంబరులో ఐబొమ్మ పైరసీ సైటును నడిపిస్తున్నాడన్న ఆరోపణ మీద హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకరిని అరెస్టు చేసినప్పుడు మన ఊళ్ల టీ హోటళ్లలో కూడా అదే చర్చ. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది. మన తప్పొప్పులు మనం తేల్చుకోవాలి.

13. శిక్ష ఎంత?

కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. ఈ నేరానికి వారంటు లేకుండానే అరెస్టు చేయవచ్చని, బెయిలు హక్కుగా దొరకదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి ఇంకా బిగించారు. హాల్లో అనుమతి లేకుండా సినిమాను రికార్డు చేసినా, దొంగ ప్రతిని ప్రదర్శించినా 3 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు. జరిమానా 3 లక్షల రూపాయల నుంచి మొదలై, ఆ సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్లవచ్చు. వంద కోట్ల సినిమా అయితే 5 కోట్లు! సరదాకు ఫోన్ ఎత్తి తీసే క్లిప్పును స్టేటస్‌లో పెట్టే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ లెక్క ఒకసారి మనసులో వేసుకోవాలి.

14. అశోక్ కుమార్ ఎవరు?

కాపీరైట్ కేసుల్లో ప్రతివాదిగా 'అశోక్ కుమార్' అన్న పేరు తరచుగా కనిపిస్తుంది. అలాంటి మనిషి లేడు. దొంగ ఎవరో ఇంకా తెలియనప్పుడు, దొరికినవాడికల్లా వర్తించేలా ఉత్తర్వు ఇవ్వడానికి కోర్టులు వాడే ఊహా పేరు అది. మన దేశంలో ఇలాంటి ఉత్తర్వులు 2002లో ప్రపంచకప్ ఫుట్‌బాల్ ప్రసారాల కేసుతో మొదలయ్యాయి.

నెట్ వచ్చాక ఇంకో చిక్కు. ఒక సైటును మూసేస్తే ఒక్క అక్షరం మార్చి గంటలో ఇంకొకటి తెరుస్తారు. మొదట్లో ప్రతిసారీ మళ్లీ కేసు వేయాల్సి వచ్చేది. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు దీనికి దారి చూపింది. అదే సైటు వేరే పేరుతో పుడితే, పాత ఉత్తర్వునే దానికీ అంటించవచ్చంది. 2023 ఆగస్టులో ఇంకో అడుగు వేసి, ఇంకా తయారుకాని సినిమాలకు కూడా పుట్టిన క్షణం నుంచే రక్షణ ఉండేలా ఉత్తర్వు ఇచ్చింది. 2023 నవంబరులో కేంద్రం కూడా 12 మంది నోడల్ అధికారులను నియమించింది. ఫిర్యాదు వస్తే 48 గంటల్లో ఆ లింకు తీయించే అధికారం వాళ్లకుంది.

15. ఉచితం వెనక బేరం

దొంగ సైటు నడిపేవాడు దానధర్మాల కోసం నడపడు. సినిమా ఎర, మన ఫోన్ గాలానికి పడ్డ చేప. ప్లే బటన్ నొక్కగానే ఇంకేదో పేజీ తెరుచుకుంటుంది. బెట్టింగ్ యాప్ ప్రకటన వస్తుంది. 'ఈ యాప్ దించుకుంటే సినిమా వస్తుంది' అంటూ ఏపీకే ఫైలు వస్తుంది. ఆ ఫైలుకు మెసేజ్‌లు చదివే అనుమతి ఇచ్చామంటే బ్యాంకు ఓటీపీలు కూడా దానికి చిక్కినట్టే. రెండు వందల టికెట్టు మిగిలిందనుకున్న చేతిలోంచి పల్లి పంట డబ్బులు మొత్తం పోయే దారి ఇదే.

అలా డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి ఆలస్యం చేయవద్దు.

16. కంటిచూపు లేనివారికి తెరిచిన తలుపు

కాపీరైట్ ఎప్పుడూ తలుపులు మూయడానికే కాదు. కళ్లు కనపడనివారు చదువుకునేందుకు ఏ పుస్తకాన్నైనా బ్రెయిలీలోకి, ఆడియోలోకి మార్చడానికి 2012 సవరణ అనుమతించింది. అలాంటి పుస్తకాలను దేశాల సరిహద్దులు దాటించే మర్రకేశ్ ఒడంబడికను 2014లో ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే. మీ ఊరి బడిలో చూపు లేని బిడ్డ ఉంటే, పాఠం చదివి ఫోన్‌లో రికార్డు చేసి ఇవ్వండి. ఆ నకలుకు చట్టం అడ్డు రాదు.

17. రాసినప్పుడే హక్కు పుడుతుంది

మీరు కవిత రాశారు. రిజిస్ట్రేషన్ చేయించనిదే హక్కు రాదా? వస్తుంది. కాగితం మీద పెట్టిన క్షణమే కాపీరైట్ పుడుతుంది. రిజిస్ట్రేషన్ అనేది రేపు తగాదా వస్తే చూపించుకునే సాక్ష్యం. సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు, సినిమాకు 5 వేలు. ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు.

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆలోచనకు కాపీరైట్ లేదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుంది. 1978లోనే సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. వలసపోయిన పాలమూరు తల్లి మీద మీరు కథ రాస్తే, అదే వస్తువు మీద నేను ఇంకో కథ రాయవచ్చు. మీ వాక్యాలు, మీ సన్నివేశాలు ఎత్తుకుంటే మాత్రం దొంగను.

18. గద్వాల చీర మీద వేలు పెట్టి చూడండి

ఆఖరుగా మన మగ్గం దగ్గరికి వద్దాం. నేతన్న కొత్త డిజైను గీసి చీర మీదికి ఎక్కిస్తే దానికి కాపీరైట్ ఉంటుందా? ఇక్కడ చాలామందికి తెలియని నియమం ఒకటుంది. రిజిస్టర్ చేయగల డిజైనును రిజిస్టర్ చేయకుండా 50కి మించి నేస్తే, దాని మీద కాపీరైట్ పోతుంది. డిజైన్ల చట్టం కింద ముందే నమోదు చేయిస్తే 10 ఏళ్లు, ఆ తర్వాత ఇంకో 5 ఏళ్లు రక్షణ. బజారులో పెట్టకముందే చేయించాలి. 50 చీరలు అమ్ముడుపోయాక పరుగెత్తితే లాభం లేదు.

మొత్తం ఊరి నేతకు ఇంకో రక్షణ ఉంది. అదే భౌగోళిక గుర్తింపు. 1999లో చేసిన ఆ చట్టం 2003లో అమల్లోకి వచ్చింది. గద్వాల చీరలకు ఆ గుర్తింపు ఉంది. కాపీరైట్‌లా అది ఒక మనిషిది కాదు, తీరిపోయే గడువూ లేదు. పదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటూ పోతే మనవళ్ల దాకా నిలుస్తుంది. ఇంకెక్కడో మరమగ్గం మీద నేసి 'గద్వాల' అని అమ్మితే అది ఈ ఊరి పేరును దొంగిలించడమే.

మరి అసలుదాన్ని ఎలా గుర్తుపట్టాలి? సంప్రదాయ గద్వాల చీర నడిమి భాగం నూలు, అంచూ కొంగూ పట్టు. ఈ రెంటినీ సూదితో కుట్టరు. నేస్తూ నేస్తూనే కలుపుతారు. నడిమికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు. ప్రతి పేకకూ అంచు నాడె ఇటు వచ్చి, నడిమి నాడె పోగును మెలేసి, మళ్లీ తన వైపు తిరిగిపోవాలి. ఇద్దరు మనుషులు మగ్గం మీద పక్కపక్కన కూర్చొని చేసే పని ఇది. తొందరపడితే కుదరదు.

చీర కొనేముందు వెనక వైపు తిప్పండి. నూలు ఆగి పట్టు మొదలయ్యే చోట వేలితో మెల్లగా రాయండి. సన్నటి గట్టు ఒకటి తగులుతుంది. పోగు పోగుకూ రెండు చేతులు కలిసిన గుర్తు అది. పాటకూ, పుస్తకానికీ, సినిమాకూ కూడా అలాంటి గట్టు ఉంది. మన వేలికి తగలదు కానీ, అక్కడా ఎవరో కూర్చొని పోగు పోగూ కలిపారు.